వానలో తలుపు

బెర్గెన్‌లో వాన వార్త కాదు.
గొడుగు మరిచిపోయినవాడు వార్త.
అందుకే ఆ ఉదయం గొడుగును
కారులోనే వదిలేశాను, కావాలనే.

రెండు చేతుల్లో నాలుగు కాఫీ కప్పులు,
చంకలో 'ప్రింటర్ భాగాలు' అని రాసిన అట్టపెట్టె,
అందులో పాత దినపత్రికలు,
జుట్టు మీంచి ముక్కు కొసకి జారే నీళ్లు.
ఇంతే నా మారుతాళం.

రేవు పక్కన చేపల ఎగుమతి కంపెనీ.
వాళ్ల సర్వర్ల చుట్టూ కట్టిన గోడ
నిజంగానే మంచి గోడ.
నెల రోజులు తట్టినా పెచ్చు రాలలేదు.
అప్పుడు గోడను వదిలి
మనుషుల్ని చదవడం మొదలెట్టాను.

నాలుగో అంతస్తు ప్రింటర్ మొరాయిస్తోందని
ఒకబ్బాయి ఎక్కడో విసుక్కున్నాడు.
మేనేజర్ సెలవులో ఉన్నాడని
అతని ఈమెయిలే మర్యాదగా జవాబిచ్చింది,
తిరిగొచ్చే తేదీతో సహా.
రిసెప్షన్‌లో కూర్చునే తూర్‌బ్యోర్గ్‌కి
మోకాలి నొప్పి. ఆమె పిల్లి పేరు మోన్స్.
ఎవరూ నాకు రహస్యం చెప్పలేదు.
చిల్లర మాటలు పోగేశానంతే.
చిల్లర పోగైతే నోటవుతుంది.

గాజు తలుపులోంచి ఆమె నన్ను చూసింది.
మోకాలు పట్టుకుని లేచింది.
"అయ్యో, తడిసి ముద్దయ్యావే" అంటూ
తన కార్డుతో తలుపు తెరిచి
నేను దాటేదాకా భుజంతో ఆపి పట్టుకుంది.
ప్రింటర్ మాట ఎత్తకముందే.
మేనేజర్ పేరు వాడకముందే.
రెండు వారాలు అల్లిన అబద్ధం
నాలుక మీదే ఉండిపోయింది,
ఎవరూ చింపని టిక్కెట్టులా.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఇంటివాళ్ల చేతే తలుపు పట్టించి
థాంక్స్ చెప్పి లోపలికెళ్లే దొంగ సంగతి
ఏ సామెతా ఎత్తదు.

పదకొండు నిమిషాలు.
ఖాళీ కుర్చీ, తెరిచే ఉన్న కంప్యూటర్,
కీబోర్డు కింద పసుపు చీటీ మీద పాస్‌వర్డ్:
ఎవరిదో కూతురి పేరు, పుట్టిన సంవత్సరం.
ఫొటో తీసుకుని చీటీని మళ్లీ అక్కడే పెట్టాను,
నిద్రపోయే పిల్లకి దుప్పటి సర్దినట్టు.

నన్ను పంపింది ఆ కంపెనీయే, డబ్బిచ్చి మరీ.
ఈ మాట ఎప్పుడూ ఆలస్యంగానే చెప్తాను,
నాకూ ఆలస్యంగానే గుర్తొస్తుంది.

నివేదికలో గడులుంటాయి: లోపం, తీవ్రత, పరిష్కారం.
మొదటి గడిలో 'జాలి' అని రాసి కొట్టేశాను.
'ప్రవేశ నియంత్రణ' అని రాశాను. తీవ్రత: అధికం.
పేరు రాయలేదు.
కానీ మీటింగులో ఐవిన్ అనే కుర్ర డైరెక్టరు
కెమెరా దృశ్యం వేసి చూపించాడు.
నవ్వారు.
తూర్‌బ్యోర్గ్ తన భుజం వంక చూసుకుంది,
అక్కడింకా తలుపు బరువున్నట్టు.

తర్వాత మెట్ల దగ్గర ఆపి అడిగింది:
"అయితే రేపట్నించి వానలో ఎవరొచ్చినా
మొహమ్మీద తలుపెయ్యనా?"
నా స్లైడ్లలో దానికి జవాబు లేదు.
మోన్స్ ఎలా ఉందని అడగబోయి
నోరు నొక్కుకున్నాను.

మార్చిలో మళ్లీ పరీక్ష. మళ్లీ వాన.
నా మొహం తెలుసు కనక ఈసారి సిన్నోవె వెళ్లింది,
ఏడో నెల కడుపులా దిండు కట్టుకుని.
నేను కారులోంచి చూస్తున్నాను.

తూర్‌బ్యోర్గ్ బయటికొచ్చింది.
వసారాలో కుర్చీ వేసింది.
తువ్వాలిచ్చింది, వేడి కాఫీ ఇచ్చింది.
లోపలికెళ్లి తలుపు మూసుకుంది.
సిన్నోవె ఇచ్చిన నంబరు పక్కన పెట్టి
సొంత పుస్తకంలో వెతికి, వేలు పెట్టుకుని చూస్తూ
ఫోన్ చేసింది.

తిరిగొచ్చి అందట:
"నువ్వు చెప్పిన మనిషి ఉన్నాడు,
నిన్నెరగనంటున్నాడు.
కాఫీ తాగు, చల్లారిపోతుంది."

కారెక్కి సిన్నోవె దిండు విప్పింది.
"ఓడిపోయాం" అంది నవ్వుతూ.
నివేదికలో మొదటి గడి ఖాళీగా వదిలాను,
ఈసారి ఏం రాయాలో తెలిసే.

తువ్వాలు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.
ఉతికి మడతపెట్టాను.
తిరిగివ్వడానికి వెళ్లాలి.
ముందు ఫోన్ చేసి,
నా అసలు పేరు చెప్పి,
రావచ్చా అని అడగాలి.